క్యాసినో మేనేజ్‌మెంట్ చదివితే ఉద్యోగం ఎక్కడ?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. లాస్ వేగాస్‌లో క్యాసినో మేనేజ్‌మెంట్ పీజీ చేసి గేమింగ్ రంగంలో స్థిరపడతానని పట్టుబడుతోంది. పొలం తాకట్టు పెట్టి పేకాట చదివిస్తారా అని బంధువులు నవ్వుతున్నారు. ఈ చదువుకు పంపవచ్చా?
– ఒక తల్లి, భీమవరం

జవాబు: భీమవరంలో ఉంటున్న మీకు సంక్రాంతి బరుల పక్కన సాగే గుండాట తెలియకుండా ఉండదు. దానికీ లైసెన్సు ఉన్న క్యాసినోకూ తేడా ఆటలో కంటే లెక్కలో ఎక్కువ. మీ అమ్మాయి చదవాలనుకుంటున్నది ఆ లెక్కనే కాబట్టి, బంధువుల నవ్వును పట్టించుకోనక్కర్లేదు.

ఉదాహరణకు, తిరిగే చక్రంలో బంతి ఏ అంకె గడిలో ఆగుతుందో పందెం కాసే రౌలెట్‌నే తీసుకోండి. ఐరోపా పద్ధతి చక్రంలో సున్నాతో కలిపి 37 గడులుంటాయి. గడికి వంద రూపాయల చొప్పున అన్నింటి మీదా 3,700 రూపాయలు కాస్తే, ఏ అంకె పడినా గెలుపు కింద 3,500, ఆ గడి మీద పెట్టిన వంద, మొత్తం 3,600 తిరిగి వస్తాయి. మిగిలిన వంద, అంటే దాదాపు 2.7 శాతం, క్యాసినోది. జంట సున్నా కూడా ఉండే అమెరికా చక్రంలో ఆ వాటా 5.26 శాతానికి పెరుగుతుంది. ఆటగాడి అదృష్టం ఏ రోజు ఎలా ఉన్నా దీర్ఘకాలంలో మిగిలేది ఈ వాటాయే. అది ఎక్కడా జారిపోకుండా ఖజానాకు చేరేలా చూడడమే అక్కడి మేనేజ్‌మెంట్. ఆట నడిపే డీలర్ బల్ల వదిలి వెళ్లేటప్పుడు ఒకసారి చేతులు చరిచి, చిప్స్ (డబ్బుకు బదులు వాడే బిళ్లలు) ఏవీ దాచుకోలేదని తెలిసేలా అరచేతులు తిప్పి కెమెరాకు చూపిస్తాడు. అతనిపై సూపర్‌వైజర్, ఆ సూపర్‌వైజర్‌పై నిఘా గది, అందరి లెక్కలపై ఆడిట్ విభాగం కన్నేసి ఉంటాయి. అందుకే ఈ కోర్సుల్లో సంభావ్యత, అంతర్గత నియంత్రణ, చట్టం, జూద వ్యసనం విషయంలో సంస్థ బాధ్యత వంటివి పాఠాలవుతాయి. అమెరికాలో ఒకే వ్యక్తి పేరిట ఒక రోజులో 10,000 డాలర్లు మించి నగదు చేతులు మారితే క్యాసినో ప్రభుత్వానికి నివేదిక ఇవ్వాలి. మన మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికీ క్యాసినోలు వస్తాయి.

ఈ విద్యకు లాస్ వేగాస్‌లోని నెవాడా విశ్వవిద్యాలయానికి మంచి పేరుంది. జూదాన్ని 1931లోనే చట్టబద్ధం చేసిన రాష్ట్రం అది. అక్కడి హాస్పిటాలిటీ కళాశాల పేరు కూడా విలియం హారా అనే క్యాసినో వ్యాపారిది. చదువు విషయంలో నాకు అభ్యంతరం లేదు. నా సందేహమంతా వీసా గురించే. హాస్పిటాలిటీ పీజీ సాధారణంగా స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సుల జాబితాలో ఉండదు కాబట్టి, చదువు పూర్తయ్యాక పని చేయడానికి పన్నెండు నెలలే దొరుకుతాయి. ఇంజనీరింగ్ పిల్లలకు వచ్చే అదనపు రెండేళ్లు ఉండవు. డీలర్, ఫ్లోర్ సూపర్‌వైజర్ ఉద్యోగాలకు డిగ్రీ తప్పనిసరి కానందువల్ల వాటి మీద హెచ్-1బి రావడం చాలా కష్టం. పొలం మీద తెచ్చిన అప్పును ఆ ఏడాది జీతంతో తీర్చగలమని నమ్మవద్దు.

ఇతర దేశాల సంగతి చూస్తే, మకావులో డీలర్ ఉద్యోగాలు స్థానికులకే. సింగపూర్‌లో 2010లో తెరిచిన క్యాసినోలు రెండే ఉన్నాయి. ఆట సంబంధిత విధుల్లో చేరేవారికి ప్రభుత్వ లైసెన్సు కావాలి. మన దేశంలో ప్రధానంగా గోవా, సిక్కింలే దిక్కు, మన రెండు తెలుగు రాష్ట్రాల్లో క్యాసినోలకు అనుమతి లేదు. గేమింగ్ అనగానే మీ అమ్మాయి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ కంపెనీలను కూడా లెక్కలో వేసుకుని ఉంటే, ఆ ఆశ వదులుకోమనండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేయగానే ఆ సంస్థలు అటువంటి ఆటలు ఆపేశాయి. వీడియో గేములు తయారు చేసే రంగం పూర్తిగా వేరు, దానికి ఈ డిగ్రీ పనికిరాదు.

కాబట్టి డిగ్రీ పూర్తవగానే అమెరికాకు కాకుండా గోవాకు పంపండి. పణజిలో మాండవి నది మీది ఓడల్లోనో, ఐదు నక్షత్రాల హోటళ్ల క్యాసినోల్లోనో ఒక ఏడాది పని చేయనివ్వండి. మన వైపు నుంచి వెళ్లే అతిథులు అక్కడ తక్కువేమీ కాదు కనుక, తెలుగు వచ్చిన హోటల్ మేనేజ్‌మెంట్ పట్టభద్రురాలికి గెస్ట్ రిలేషన్స్‌లో చోటు దొరికే అవకాశం బాగానే ఉంటుంది. రాత్రి షిఫ్టులు, పండగ రోజుల్లోనే రెట్టింపయ్యే పని, ఓడిన మనిషి కోపం, ఇవన్నీ అనుభవంలోకి వస్తాయి. ఆ తరువాత కూడా ఇదే కావాలంటే, క్యాసినో సబ్జెక్టులు ఎంచుకునే వీలున్న హాస్పిటాలిటీ పీజీ గానీ, స్టెమ్ జాబితాలో ఉన్న డేటా అనలిటిక్స్ గానీ చూసుకోవచ్చు. ఆడిట్, నిబంధనల అమలు, ఆదాయ విశ్లేషణ విభాగాల్లో నేర్చిన పని బ్యాంకులోనూ హోటల్‌లోనూ చెల్లుతుంది. నేనైతే డేటా అనలిటిక్స్ వైపే మొగ్గుతాను.

ఇంకో మాట. లైసెన్సు ఇచ్చేవారు పోలీసు రికార్డు, అప్పుల చరిత్ర తవ్వి చూస్తారు. పేకాట కేసులో పేరున్నా అది అడ్డు రావచ్చు. ఇవన్నీ దాటి విశ్వవిద్యాలయం దాకా వస్తే, డిపాజిట్ కట్టకముందే ఒక ప్రశ్న రాసి పంపండి: గత మూడేళ్లలో ఈ కోర్సు చేసిన విదేశీ విద్యార్థుల్లో ఎందరు ఆ పన్నెండు నెలలు ముగిశాక కూడా ఈ రంగంలోనే ఉన్నారు, ఏ విభాగంలో? సమాధానం రాతపూర్వకంగా వచ్చేదాకా పొలం కాగితాలు బ్యాంకుకు ఇవ్వకండి.