అమెరికా నుంచి అక్క పంపే మాత్ర నాన్నకు వేయొచ్చా?

ప్రశ్న: నాన్నకు 71 ఏళ్లు. అమ్మ పోయాక డిప్రెషన్ వచ్చింది. మూడు నెలలుగా ఎస్సిటాలోప్రామ్ 10 మి.గ్రా. వాడుతున్నారు. ఏడుపు తగ్గింది కానీ మంచం దిగరు, మాట్లాడరు. ఎదురుగా ఇడ్లీ పెడితే చల్లారేదాకా చూస్తూ కూర్చుంటారు. ఇలాంటివారికి అక్కడ మిథైల్‌ఫెనిడేట్ ఇస్తారని, తాను పంపుతానని డల్లాస్‌లో ఉన్న అక్క అంటోంది. వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ అక్కగారి మాటలో నిజముంది. కానీ మాత్రలు మాత్రం తెప్పించకండి.

మిథైల్‌ఫెనిడేట్ మెదడులో డోపమిన్‌ను (ఉత్సాహం, చొరవలకు తోడ్పడే రసాయనాన్ని) ఎక్కువసేపు నిలుపుతుంది. ప్రధానంగా ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత, నిలకడ కుదరని సమస్యకు) వాడే మందు. డిప్రెషన్ మందు సగమే పనిచేసి, మనిషిలో కదలిక రానప్పుడు కొందరికి దీన్ని తోడుగా ఇస్తాం. దాని బదులుగా కాదు. 2015లో అమెరికాలో 143 మంది వృద్ధులపై అధ్యయనం వెలువడింది. ఎస్సిటాలోప్రామ్ కోవకే చెందిన సిటాలోప్రామ్‌తో కలిపి ఇది వాడినవారు, ఏదో ఒక్కటే వాడినవారికంటే బాగా కోలుకున్నారు. అయితే ఇదే కోవకు చెందిన లిస్‌డెక్సాంఫెటమిన్‌ను పెద్ద ఎత్తున పరీక్షిస్తే ఉత్తుత్తి మాత్రను మించలేదు. అందుకే ఇది అందరికీ రాసే మందు కాదు.

నాకు ముందుగా అనుమానం వచ్చేది సోడియం మీద. ఎస్సిటాలోప్రామ్ లాంటి మందులతో పెద్దవయసువారిలో కొందరికి రక్తంలో సోడియం పడిపోతుంది. అప్పుడూ మనిషి అచ్చం ఇలాగే మగతగా, ఉలుకూ పలుకూ లేకుండా ఉంటారు. అది చూడకుండా ఉత్సాహం మాత్ర వేయడం చాలా తప్పు. సోడియం, థైరాయిడ్, బీ12, హిమోగ్లోబిన్ ఈ వారంలోనే చేయించండి. అన్నీ బాగుంటే మందు మార్చాలా, ఇంకొకటి కలపాలా అన్నది సైకియాట్రిస్టు చూస్తారు. ఈ వయసులో ఎస్సిటాలోప్రామ్ డోసు 10 మి.గ్రా. దాటించడానికి సాధారణంగా వెనకాడతాం.

మిథైల్‌ఫెనిడేట్ ఇవ్వాల్సివస్తే ముందు బీపీ, ఈసీజీ చూడాలి. ఇది గుండె వేగాన్ని, బీపీని పెంచుతుంది, నిద్రను, ఆకలిని తగ్గిస్తుంది. అసలే తినని మనిషికి ఇది చిన్న విషయం కాదు. ఎప్పుడైనా నిద్రే లేకుండా అతి హుషారుగా, అతిగా ఖర్చుపెడుతూ గడిపిన రోజులుంటే డాక్టరుకు తప్పక చెప్పండి. బైపోలార్ (అతి హుషారు, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బు) ఉంటే ఈ మందు ఉన్మాదాన్ని రేపవచ్చు. మన దేశంలో ఇది షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకంపై గట్టి ఆంక్షలున్న జాబితాలోది. చీటీ రెండు ప్రతులుగా రాయాలి, ఒకటి షాపువారు రెండేళ్లు దాచాలి. కొరియర్లో వస్తే చట్టపరంగానూ చిక్కే.

నాన్నగారు "ఇంక నేనెందుకు" లాంటి మాట అంటే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. అర్ధరాత్రయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.