రాట్చెట్ పట్టు ఎట్లా వదులుతుందో కూడా రాయి

తమ్ముడూ,

కావలి నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. రాట్చెట్ గురించి తెలుగులో రాయాలని అనిపించిందే, ముందు అందుకు శభాష్. ఇక తిట్లు.

మొదటి లైన్లోనే "ఏకదిశా భ్రమణ యంత్రాంగం" అన్నావు. అది చదివితే మీ అమ్మ కళ్ల ముందు ఏమైనా కనపడుతుందా? ఒక చక్రం, దాని చుట్టూ రంపానికి ఉన్నట్టు పళ్లు, ఒక్కో పన్ను ఒకవైపు ఏటవాలు, రెండోవైపు నిట్టనిలువు. ఆ పళ్ల మీద ఒక చిన్న నాలుక, దాన్నే పాల్ అంటారు, స్ప్రింగో దాని సొంత బరువో దాన్ని కిందికి నొక్కి పెడుతుంది. చక్రం ఒకవైపు తిరిగితే నాలుక ఏటవాలు ఎక్కి టిక్కుమని తర్వాతి సందులో పడుతుంది, రెండోవైపు తిప్పబోతే నిలువు గోడకు తన్నిపెట్టి కదలనివ్వదు. ఇంతే గదా, ముందు ఇది చెప్పెయ్.

సైకిల్ ఫ్రీవీల్, అదే వెనక చక్రానికి చైను పడే పళ్ల బిళ్ల, దాని దగ్గర మాత్రం తప్పే రాశావు. వెనక చక్రాన్ని వెనక్కి తిరగనివ్వదట! సైకిల్‌ని ఒక్కసారి వెనక్కి నెట్టి చూడు, చక్రం హాయిగా తిరుగుతుంది, పెడళ్లు కూడా దాంతోపాటే వెనక్కి తిరుగుతాయి. తొక్కేటప్పుడు చైను లాగే బయటి రింగు లోపలి నాలుకల్ని తోస్తుంది, చక్రం నడుస్తుంది. తొక్కడం ఆపితే రింగు ఆగిపోతుంది, చక్రం మాత్రం పోతూనే ఉంటుంది, నాలుకలు రింగు పళ్ల మీద జారుతూ టిక్ టిక్ అంటాయి. ఏది తిరుగుతోంది, దేంతో పోలిస్తే తిరుగుతోంది అన్నది తేల్చుకోకుండా పెన్ను పట్టొద్దు.

నాకిది ఎట్లా తెలిసిందంటావా, నెల్లూరులో చదువుకునే రోజుల్లో సైకిల్ మెత్తగా పోవాలని ఫ్రీవీల్ నిండా చిక్కటి గ్రీజు కూరాను. పెన్నా బ్రిడ్జి ఎక్కుతుంటే పెడల్ ఒక్కసారిగా కిందికి జారిపోయింది, చైను తిరుగుతోంది గానీ చక్రంలో కదలిక లేదు, మోకాలు పోయి హ్యాండిల్‌కి కొట్టుకుంది. నాలుకలు గ్రీజులో ఇరుక్కుని లేవలేదన్నమాట. షాపాయన కిరసనాయిలుతో కడిగి, రెండు చుక్కలు పల్చటి నూనె వేసి, చక్రం తిప్పి నా చెవి దగ్గర పెట్టి "ఇప్పుడు విను" అన్నాడు.

నీ వాడకాల జాబితా పదహారు లైన్లు. కొట్టెయ్, నాలుగు చాలు. అయితే ప్రతిదాన్నీ ఒక ప్రశ్న అడుగు: ఇది పట్టుకోవడం సరే, వదలడం ఎట్లా? కారు హ్యాండ్‌బ్రేక్ తీసుకో, దించే ముందు మనందరం కాస్త పైకి లాగి అప్పుడు బటన్ నొక్కుతాం గదా, ఎందుకని? బ్రేకు కేబుల్ లాగుడంతా పన్ను మీదుగా నాలుకనే నొక్కుతూ ఉంటే అది లేవదు, కొంచెం పైకి లాగితే ఒత్తిడి పోయి సులువుగా లేస్తుంది. తాడు చుట్టి బరువులు లాగే చేతి వించి కూడా అంతే, హ్యాండిల్ గట్టిగా పట్టుకోకుండా నాలుక ఎత్తావంటే ఆ హ్యాండిల్ గిర్రున తిరిగి మణికట్టు విరగ్గొడుతుంది. వైర్లు కట్టే మామూలు ప్లాస్టిక్ కేబుల్ టైకి అసలు వదలడమే తెలీదు, కత్తిరించాల్సిందే. మన పాత నెల్లూరు జిల్లా వెంకటగిరిలో మగ్గం చూశావో లేదో, నేసిన గుడ్డ చుట్టుకునే దోనెకు కూడా పళ్ల చక్రం ఉంటుంది, పడుగు బిగువు సడలకుండా పట్టి ఉంచేది అదే. జాబితాలో మగ్గం లేదు, ఏరోప్లేన్ మాత్రం ఉంది!

బోల్టులు బిగించే రాట్చెట్ స్పానర్‌లో పళ్ల లెక్క కూడా రాయాల్సింది. 24 పళ్లుంటే ఒక్కో పన్నుకు 15 డిగ్రీలు, 72 ఉంటే 5. ఇంజన్ సందులో చెయ్యి పట్టని చోట మెకానిక్‌కి ఆ 5 డిగ్రీలే దిక్కు. అట్లాగని పళ్లు మరీ సన్నగా చేస్తే బలం తగ్గుతుంది, అందుకే కొన్నింట్లో రెండో నాలుకను అర పన్ను పక్కకు జరిపి పెడతారు, అప్పుడు పళ్లు పెంచకుండానే సగం కదలికకే పట్టు దొరుకుతుంది.

చివర్లో భౌతికశాస్త్రవేత్త ఫైన్‌మన్‌ను తెచ్చావు. 1962లో ఆయన చెప్పిన మాట, అణువుల తాకిడితో రాట్చెట్ తనంతట తాను ఒకేవైపు తిరగదని, అన్నీ ఒకే వేడిలో ఉంటే పాల్ కూడా ఎగిరెగిరి పడుతుంది కాబట్టి. స్మొలుచోవ్‌స్కీ అనే ఇంకో భౌతికశాస్త్రవేత్త 1912లోనే ఇది చెప్పాడు. బాగుంది గానీ అది ఇంకో వ్యాసం, ఇక్కడ ఇరికించకు.

ఆదివారం ఒంగోలు రా. నా దగ్గర పాత ఫ్రీవీల్ ఒకటుంది, విప్పి చూద్దాం. మూత తీయగానే లోపలి చిన్న బాల్స్ గది నిండా దొర్లుతాయి, కింద పళ్లెం పట్టుకునే పని నీదే.

మీ అన్న