లెర్నింగ్ సెంటర్ అంటే చివరి సెక్షన్ కాదు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీలో 970కి పైగా మార్కులు తెచ్చుకుంది. ఈ ఆగస్టులో టెక్సాస్‌లోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీలో చేరింది. కాలిక్యులస్-2 మొదటి పరీక్షలో నూటికి 52 వచ్చాయి. విద్యార్థులకు చదువులో తోడ్పడే లెర్నింగ్ సెంటర్‌లో సాయం తీసుకోమని యూనివర్సిటీ వారు మెయిల్ పంపారట. ఇది రికార్డుల్లోకి ఎక్కి ఉద్యోగానికీ వీసాకూ అడ్డవుతుందా? దానికంటే హైదరాబాద్ నుంచి ఆన్‌లైన్ ట్యూటర్‌ను పెట్టడం మేలా? లేక వెనక్కి రప్పించి ఇక్కడే బీటెక్‌లో చేర్చమంటారా? ఈ విషయం బంధువుల్లో ఎవరికీ చెప్పలేదు. (ఒక తండ్రి, ఖమ్మం)

జవాబు: ముందుగా మీ భయం తీరుస్తాను. లెర్నింగ్ సెంటర్‌కు వెళ్లినట్లు ట్రాన్‌స్క్రిప్ట్‌లో, అంటే గ్రేడ్ల పట్టికలో, ఎక్కడా రాయరు. ఎవరెవరు వచ్చారో ఆ కేంద్రం తన లెక్క కోసం నమోదు చేసుకుంటుంది, అంతే. ఉద్యోగమిచ్చే సంస్థకు దానితో పని లేదు, వీసాకు సంబంధం లేదు. ఆ సేవకు విడిగా డబ్బు కట్టనవసరం లేదు. మీరు చెల్లించిన ఫీజుల్లోనే అది ఉంది.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట చివరిది. బంధువుల్లో ఎవరికీ చెప్పలేదని రాశారు. విదేశాలకు పిల్లలను పంపిన తల్లిదండ్రుల నుంచి ఏటా అక్టోబరు, నవంబరు నెలల్లో ఇలాంటి ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి. ఊరి పేరు మారుతుంది, సబ్జెక్టు మారుతుంది, ఈ మాట మాత్రం మారదు. మన రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల్లో వారాంతపు పరీక్షలో మార్కులు తగ్గితే సెక్షన్ మారుస్తారు. కింది సెక్షన్‌కు దిగిన పిల్ల ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి భయపడుతుంది, ఇంట్లోవాళ్లు బయట చెప్పడానికి సిగ్గుపడతారు. రెండేళ్లు ఆ పద్ధతికి అలవాటుపడిన మీకు, విశ్వవిద్యాలయం పంపిన మెయిల్ కూడా సెక్షన్ మార్పు నోటీసులాగే కనిపించింది. అది అలాంటిది కాదని మీకు నచ్చజెప్పడమే ఈ జవాబులో నా మొదటి పని.

అమెరికాలో ఎన్నో విశ్వవిద్యాలయాల లెర్నింగ్ సెంటర్లు అనుసరిస్తున్న 'సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్' అనే పద్ధతిని 1973లో కాన్సాస్ సిటీలోని మిస్సోరి విశ్వవిద్యాలయంలో డియానా మార్టిన్ అనే అధ్యాపకురాలు రూపొందించారు. మన తెలుగు పిల్లలు ఎంఎస్ కోసం పెద్ద సంఖ్యలో వెళ్లే విశ్వవిద్యాలయం అది. వైద్య, దంతవైద్య, ఫార్మసీ విద్యార్థులు చదువు మధ్యలో మానేయకుండా చూడాలన్న ప్రయత్నంలో అది పుట్టింది. ఆ పద్ధతికి మూలమైన ఆలోచన ఏమిటంటే, బలహీనమైన విద్యార్థులను వెతికి పట్టుకోవడం కాకుండా కష్టమైన కోర్సులను గుర్తించడం. ఏదైనా కోర్సులో 30 శాతమో అంతకు మించో విద్యార్థులు డి, ఎఫ్ (అత్తెసరు, ఫెయిల్) గ్రేడ్లు తెచ్చుకోవడమో, మధ్యలో వదిలేయడమో జరుగుతూ ఉంటే, ఆ కోర్సుకు సాయం అవసరమని నిర్ణయిస్తారు. ఆ సాయం తరగతిలోని అందరికీ అందుబాటులో ఉంటుంది. కాలిక్యులస్, ఆర్గానిక్ కెమిస్ట్రీ వంటివి ఇలా తరచుగా గుర్తింపు పొందే కోర్సులే. నూటికి 90 వచ్చినవారు కూడా ఆ తరగతులకు వచ్చి కూర్చుంటారు.

అక్కడ చెప్పేవారు ఎవరో కూడా మీరు తెలుసుకోవాలి. అదే కోర్సును ముందటి సెమిస్టర్లలో మంచి గ్రేడుతో పూర్తిచేసిన సీనియర్ విద్యార్థి, మళ్లీ ఆ ప్రొఫెసర్ పాఠాలన్నిటికీ హాజరై, వారానికి రెండు మూడుసార్లు జూనియర్లను కూర్చోబెట్టి లెక్కలు చేయిస్తాడు. ఇది కాక, వేళకు నేరుగా వెళ్లి అడగగలిగే ట్యూటరింగ్ ఉంటుంది. అపాయింట్‌మెంట్ తీసుకుని ఒక్కరే కూర్చునే పద్ధతీ ఉంటుంది. చాలా కేంద్రాల్లో ట్యూటర్లకు శిక్షణ ఇచ్చి ధ్రువపత్రం కూడా ఇస్తారు. ఆ శిక్షణలో వారికి నేర్పే ముఖ్యమైన విషయం జవాబు తాము చెప్పకుండా ఉండటం. మీ అమ్మాయి లెక్క చూపిస్తే ట్యూటర్ పెన్ను ఆమె చేతిలోనే ఉంచి, ఎక్కడివరకు వచ్చావు, ఈ మెట్టు ఎందుకు వేశావు అని అడుగుతాడు. మొదటి రెండుసార్లూ మన పిల్లలకు ఇది విసుగు పుట్టిస్తుంది. జవాబు చెప్పని ట్యూటర్ ఎందుకని మానేసినవారిని చూశాను. మూడోసారి కూడా వెళ్లినవారు సాధారణంగా నిలదొక్కుకున్నారు.

ఇప్పుడు ఆ 52 సంగతి. కాలిక్యులస్-2లో సమాకలన (ఇంటిగ్రేషన్) పద్ధతుల వరకు మన ఇంటర్ విద్యార్థికి కొత్తేమీ ఉండదు. అనంత శ్రేణులు అభిసరిస్తాయా, అంటే వాటి మొత్తం ఒక పరిమిత విలువకు చేరుతుందా లేదా అని నిర్ణయించే గణిత పరీక్షలు (టెస్టులు) మాత్రం ఇంటర్ పాఠాల్లో లేవు. పైగా అక్కడ జవాబు ఒక్కటే సరిపోదు. ఏ టెస్టును ఎందుకు వాడుతున్నారో, దాని షరతులు ఎలా నెరవేరాయో వరుసగా రాయాలి. మూడు గంటల్లో 160 బిట్లు గుర్తించే వేగాన్ని మనం రెండేళ్లు నూరిపోశాం. ఆ వేగంతో రాసిన పేపర్‌లో మెట్లు ఉండవు, మెట్లు లేని చోట మార్కులు ఉండవు. అందుచేత 52 మీ అమ్మాయి తెలివికి కొలత కాదు. దిద్దిన ఆ పేపర్‌ను తీసుకుని ఆమె లెర్నింగ్ సెంటర్‌కు వెళ్లాలి. అదే వారంలో ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కూ వెళ్లాలి. ఆఫీస్ అవర్స్ అంటే ప్రొఫెసర్ విద్యార్థుల కోసమే తన గదిలో కూర్చునే సమయమని తెలియక, పిలిస్తేనే వెళ్లాలనుకుని సెమిస్టర్ అంతా వెళ్లని మన పిల్లలు ఉన్నారు.

హైదరాబాద్ ట్యూటర్‌తో పోల్చి చెప్పమన్నారు. ఇంటర్ పునాదిలో లోటు ఉంటే, తెలుగులో విడమరచి చెప్పే మంచి ట్యూటర్ వల్ల మేలు జరుగుతుంది, దానిని కాదనను. కానీ ఆ ప్రొఫెసర్ ఏమి చెప్పాడో, ఎలా దిద్దుతాడో ఆ ట్యూటర్‌కు తెలియదు. మనకు ఉదయం ఏడయితే ఆమెకు ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. రోజంతా తరగతులతో అలసిన పిల్ల ఆ వేళలో మళ్లీ పాఠం వినాలి. ఇంకొక అపాయం గురించి నేను నొక్కి చెప్పాలి. ట్యూషన్‌గా మొదలైనది కొన్నిచోట్ల అసైన్‌మెంట్లు చేసిపెట్టే బేరంగా మారుతోంది. అది బయటపడితే విద్యా నిజాయితీ నిబంధనల కింద చర్య తీసుకుంటారు, సస్పెన్షన్ వరకు వెళితే ఎఫ్-1 (విద్యార్థి వీసా) హోదాకే ముప్పు వస్తుంది. అంత దూరం రానివ్వకండి.

ఇక నా మనసులోని సందేహాన్ని దాచను. ఇంటర్ కాగానే డిగ్రీకి అమెరికా పంపడం ఇప్పుడు మన పట్టణాల్లో గౌరవచిహ్నమైపోయింది. నేను ఈ మార్గాన్ని అందరికీ సూచించను. ఎంఎస్‌కు వెళ్లే అబ్బాయి ఇరవై రెండేళ్లవాడు. నాలుగేళ్లు బీటెక్ కాలేజీలో పడుతూ లేస్తూ కొంత స్వతంత్రం నేర్చుకుని వెళతాడు, రెండేళ్ల ఖర్చుకు సిద్ధపడతాడు. ఇంటర్ ముగించిన పిల్ల నాలుగేళ్ల ఖర్చుకు వెళుతుంది. గంట కొడితే లేచి, గంట కొడితే చదివి, స్టడీ అవర్స్‌లో లెక్చరర్ తిరుగుతుంటే తల వంచుకుని కూర్చున్న ఆ పిల్లను, తరగతికి వచ్చావా అని అడిగేవారే లేని చోట ఒక్కసారిగా వదులుతాం. సాయం కావాలంటే తానే వెళ్లి అడగాలన్న సంగతి ఆమెకు ఎవరూ నేర్పలేదు, ఎందుకంటే అడగడాన్ని మనం ఇక్కడ ఎదురు మాట్లాడటంగా లెక్కగట్టాం. పొలం తాకట్టు పెట్టి పంపేవారిని నేను ఆపడానికే ప్రయత్నిస్తాను. ఆ అప్పు బరువు పిల్ల ప్రతి పరీక్షలోనూ మోస్తుంది, సాయం అడగడానికి మరింత జంకుతుంది. కానీ మీ అమ్మాయి ఇప్పటికే వెళ్లింది. కనుక ఈ సందేహాలు ఆమెను తప్పుపట్టడానికి కాదు, మీరు ఇక ముందు ఎలా ఉండాలో ఆలోచించడానికి.

కొంచెం కటువుగా చెబుతున్నాను, మన్నించండి. మీరు రికార్డు గురించి అడిగారు, వీసా గురించి అడిగారు, వెనక్కి రప్పించడం గురించి అడిగారు. అమ్మాయికి ఏ పాఠం అర్థం కాలేదో, ఆమె ఎలా ఉందో, నిద్రపోతోందో లేదో మీ ఉత్తరంలో ఒక్క వాక్యం లేదు. ఆమె తన మార్కులను దాచకుండా మీకు చెప్పింది. ఆ ధైర్యానికి మీ ఇంట్లో దక్కినది ఏమిటో ఒకసారి ఆలోచించండి. ప్రొఫెసర్‌కు మీరే ఫోన్ చేయాలన్న ఆలోచన ఉంటే విరమించుకోండి. 1974 నాటి ఒక ఫెడరల్ చట్టం ప్రకారం ఆమె విద్యా రికార్డులపై హక్కు ఆమెదే; ఆమె అనుమతి లేకుండా మీకు వివరాలు చెప్పరు. ఆమె తోడు లేకుండా మీకు తెలిసే దారి లేదు కాబట్టి, ఆమె మీతో మాట్లాడటం మానేయకుండా చూసుకోవడమే ఇప్పుడు మీ చేతిలో ఉన్న పని.

కోర్సు వదిలేయమని మాత్రం తొందరపడి చెప్పకండి. ఎఫ్-1పై డిగ్రీ చదివేవారు సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు (కోర్సుల బరువును లెక్కించే యూనిట్లు) చదువుతూ ఉండాలి. ఆమె 15 క్రెడిట్లు తీసుకుని, నాలుగు క్రెడిట్ల కాలిక్యులస్‌ను వదిలితే మిగిలేవి 11. చదువులో తొలి ఇబ్బందుల కారణంగా తక్కువ క్రెడిట్లకు అనుమతి దొరికే వీలుంది గానీ, దానిని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం నుంచి ముందుగానే తీసుకోవాలి, అదీ ఒక డిగ్రీలో ఒక్కసారే. టెక్సాస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ మొత్తం మీద ఆరు కోర్సులకు మించి వదలకూడదన్న నియమం కూడా ఉంది. కాబట్టి రెండో పరీక్ష తర్వాత, కోర్సు వదిలేసే (విత్‌డ్రా) గడువుకు ముందే, ఆమె కోర్సుల ఎంపికలో సలహా ఇచ్చే అకడమిక్ అడ్వైజర్‌నూ ఆ కార్యాలయాన్నీ కలిసి నిర్ణయించుకోవాలి.

వెనక్కి రప్పించడం ఒక్క పరీక్షను చూసి తీసుకునే నిర్ణయం కాదు. ఇక్కడ బీటెక్ సీటుకు మళ్లీ ప్రవేశ పరీక్ష, కౌన్సెలింగ్, ఒక ఏడాది నష్టం ఉంటాయి. పైగా అక్కడ ఇలా 50ల్లో మొదలుపెట్టి, లెర్నింగ్ సెంటర్‌కు వెళుతూ కోర్సు గట్టెక్కి, తర్వాతి ఏడాది అదే కేంద్రంలో ట్యూటర్‌గా చేరినవారు నాకు తెలుసు. ఎఫ్-1 విద్యార్థులు తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పనిచేయవచ్చు. డిసెంబరులో గ్రేడ్లు వచ్చాక కూడా వెనక్కి రావాలని ఆమె తనంతట తానే కోరుకుంటే అప్పుడు మాట్లాడదాం. ఆ ఉత్తరం మాత్రం ఆమెనే రాయమనండి.