సైకిల్ మీద ఆఫీసుకు వెళ్లేవాళ్లు ఫార్మల్ ప్యాంటు కుట్టించుకోవడమే మేలు

కూకట్‌పల్లి నుంచి మాదాపూర్‌కు రోజూ ఏడు కిలోమీటర్లు సైకిల్ మీద వెళ్లాలనుకుంటున్నానని, ఆఫీసులో ఫార్మల్స్ తప్పనిసరి అని, అక్కడ బట్టలు మార్చుకునే వీలు కూడా లేదని రాశారు. ఎలాంటి ప్యాంటు కొనాలన్నది మీ ప్రశ్న. నేను ఆరేళ్లుగా తార్నాక నుంచి హిమాయత్‌నగర్‌కు సైకిల్ మీదే వెళ్తున్నాను. ఉస్మానియా క్యాంపస్ లోంచి అడిక్‌మెట్, నల్లకుంట, బర్కత్‌పుర మీదుగా నా దారి. అకౌంట్స్‌లో పని కాబట్టి రోజూ టక్ చేసుకుని, షూ వేసుకుని వెళ్లాల్సిందే. అందుకే ఈ విషయం మీద కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటి ఏడాదిలోనే నావి మూడు ప్యాంట్లు పోయాయి. మూడూ మంచి షోరూముల్లో కొన్నవే, స్లిమ్ ఫిట్. మూడూ ఒకే చోట చిరిగాయి, కాళ్ల మధ్య నాలుగు కుట్లు వచ్చి కలిసే చోట. మూడోది ఆడిట్ రోజున, అడిక్‌మెట్ బ్రిడ్జి ఎక్కేటప్పుడు లేచి నిలబడి తొక్కుతుంటే పర్రుమంది. ఆ రోజంతా కుర్చీలోంచి లేవాలంటే టెన్షన్. సాయంత్రం వస్తూ నల్లకుంటలో ఒక పాత టైలర్ షాపు ముందు ఆగి, రఫ్ఫూ చేయించుకోవాలని అడిగాను.

ఆ మాస్టర్ మర్నాడు నేను తెచ్చిచ్చిన ప్యాంటును తిరగేసి చూసి, "సైకిల్ తొక్కుతారా సార్?" అని అడిగారు. రఫ్ఫూ చేసిస్తాను కానీ నెల తిరక్కుండా మళ్లీ ఇక్కడే పోతుందన్నారు. "నమాజులో రోజుకు అన్నిసార్లు వంగి లేచేవాళ్ల పైజామా ఎందుకు చిరగదో తెలుసా? దానికి మియానీ ఉంటుంది, మీ ప్యాంటుకు లేదు" అన్నారు. అప్పటిదాకా నాకు ఆ మాటే తెలియదు.

మియానీ అంటే కాళ్ల మధ్య అతికే చిన్న పలక. డైమండ్ ఆకారంలో ఉంటుంది. మామూలు ప్యాంటులో ముందు కుట్టు, వెనక కుట్టు, రెండు తొడల లోపలి కుట్లు ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. కాలు పైకి లేచినప్పుడల్లా లాగుడంతా ఆ బిందువు మీదే పడుతుంది. సైకిల్ సీటు ముక్కు రాసుకునేది కూడా సరిగ్గా అక్కడే. మియానీ వేస్తే ఆ కుట్లు ఒకే చోట కలవకుండా పక్కలకు జరుగుతాయి, లాగుడు పంచుకుంటాయి, కాలు ఆడడానికి చోటు వస్తుంది. అదే బట్టలోంచి కత్తిరిస్తారు కాబట్టి నిలబడి ఉన్నప్పుడు ఎవరికీ కనిపించదు. ఆయన కుట్టిన మొదటి ప్యాంటు నాలుగేళ్లు వాడాను.

కాబట్టి నా సలహా, రెడీమేడ్ మీద పెట్టే డబ్బుతో రెండు ప్యాంట్లు కుట్టించుకోండి. ప్యాంటు బట్ట మామూలుగా 1.20 మీటర్లు సరిపోతుంది, మీరు 1.40 తీసుకోండి. మియానీ పోగా మిగిలిన ముక్కతో ప్యాంటు సీటు లోపలివైపు అస్తరులా మరో పొర వేయించుకోవచ్చు. వెనక కుట్టు రెండు వరుసలు వేయమనండి. నడుము వెనక భాగం అర అంగుళం పైకి పెట్టమని తప్పకుండా చెప్పండి. హ్యాండిల్ మీదికి వంగినప్పుడు లో వెయిస్ట్ ప్యాంటు కిందికి జారి చొక్కా టక్ ఊడిపోతుంది, వెనకొచ్చేవాళ్ల ముందు ఇబ్బంది. పొడవు కూడా ముప్పావు అంగుళం ఎక్కువే ఉండాలి. తొక్కేటప్పుడు ప్యాంటు పైకి లాక్కుంటుంది.

బాటమ్, అంటే ప్యాంటు కింది అంచు చుట్టుకొలత విషయంలో నేను రెండుసార్లు తప్పు చేశాను. 16 అంగుళాలు పెట్టిస్తే చైన్‌లో పడింది. 12 పెట్టిస్తే పిక్క పట్టేసి మోకాలు వంగలేదు. ఇప్పుడు 14. నా పిక్కలు లావు, మీకు 13 అయినా సరిపోవచ్చు.

ట్రయల్‌కు వెళ్లినప్పుడు అద్దం ముందు నిలబడి చూసుకుని వచ్చేయకండి. గొంతుక్కూర్చోండి. తర్వాత ఒక కాలు స్టూల్ మీద పెట్టి ముందుకు వంగండి. తొడ దగ్గర బట్ట బిగుసుకుంటే అక్కడే చెప్పి వదులు చేయించుకోండి. రెడీమేడ్ కొన్నా ఇదే పరీక్ష. స్ట్రెచ్ అని రాసి ఉంటే చాలదు. లైక్రా రెండు మూడు శాతం ఉన్న కాటన్ ప్యాంటు మొదట్లో హాయిగానే ఉంటుంది, కానీ నా అనుభవంలో ఏడాదికే మోకాళ్ల దగ్గర బుడగల్లా ఉబ్బి ఫార్మల్ రూపు పోతుంది.

బట్టలో నా ఓటు పాలిస్టర్, కాటన్ కలిసిన టెరికాటన్‌కే. పూర్తి కాటన్ చెమటను బాగా పీలుస్తుంది, కానీ ఆరదు. ఇస్త్రీ మడత ఆఫీసు చేరేలోపే పోతుంది. పూర్తి పాలిస్టర్ త్వరగా ఆరుతుంది గానీ మే నెల ఎండలో ఒంటికి అంటుకుని వాసన పట్టేస్తుంది. టెరికాటన్ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. రంగు నేవీ బ్లూ గానీ ముదురు బూడిద రంగు గానీ తీసుకోండి. లేత బూడిద, ఖాకీ రంగుల మీద చెమట మరక ఇట్టే కనిపిస్తుంది. నలుపు చెమటను దాస్తుంది గానీ మన రోడ్ల దుమ్మును దాచదు.

చైన్ గ్రీజు గురించి కూడా అడిగారు. పూర్తి చైన్ కవర్ ఉన్న సైకిల్ అయితే ఆ బాధే లేదు. గేర్ల సైకిల్ అయితే కుడి కాలికి వెల్‌క్రో పట్టీ వేసుకోండి, మా నాన్నగారి తరం వాళ్లు ఇనుప క్లిప్పులు పెట్టుకున్నట్టే. మరక పడితే నీళ్లతో రుద్దకండి, ఇంకా పాకుతుంది. ముందు టాల్కం పౌడరు చల్లి గంటసేపు ఉంచి దులిపేయండి, ఆ తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ రాసి ఉతకండి. వానాకాలానికి రెండు చక్రాలకూ పొడుగు మడ్‌గార్డులు తప్పనిసరి. లేకపోతే వెనక చక్రం చిమ్మే బురద గీత నడుము దాకా వస్తుంది.

ప్యాంటు సీటు దగ్గర కొన్నాళ్లకు మెరుపు వస్తుంది, అది రాపిడి వల్లే. నేరుగా ఇస్త్రీ చేస్తే ఇంకా పెరుగుతుంది. తిరగేసి చేయండి, లేదా తడిగుడ్డ పరిచి దాని మీద చేయండి. పర్సు వెనక జేబులో, ఫోను ముందు జేబులో పెట్టుకుని తొక్కకండి, రెండూ బ్యాగులో వేసుకోండి. సైకిల్‌కు రెక్సిన్ చిరిగిన సీటు ఉంటే ముందు దాన్ని మార్చండి, ఎంత మంచి బట్టనైనా కొరికేస్తుంది.

మీ కూకట్‌పల్లిలో ప్యాంట్లు కుట్టే కొందరు మియానీ అంటే అక్కర్లేదనవచ్చు. అప్పుడు పైజామాలు, పఠానీ సూట్లు కుట్టే షాపు వెతికి అక్కడ అడగండి, వాళ్లకు ఒక్క మాటలో అర్థమవుతుంది. ముందు ఒకటే కుట్టించి, నెల రోజులు తొక్కి చూసి, కొలతలు సరిచేయించి రెండోది ఇవ్వండి.