సొంతంగా రికార్డు చేసిన పాఠాలు చిన్న తరగతుల్లో పనికొస్తాయా?

టీచర్ గారూ, తెర మీద రాస్తూ, మాట్లాడుతూ ఫోనులో రికార్డు చేసిన పాఠాలు మూడు, నాలుగు తరగతుల పిల్లలకు ఉపయోగపడతాయా, లేక బొమ్మలు చూసినట్టు చూసి వదిలేస్తారా అని అడిగారు. నాలుగేళ్లుగా వాడుతున్నాను. ఉపయోగపడతాయి, అయితే నేను మొదట ఆశించిన విధంగా కాదు.

మాది ఇద్దరు ఉపాధ్యాయులున్న ప్రాథమిక పాఠశాల. 3, 4, 5 తరగతులు ఒకే గదిలో నా దగ్గరే. నాలుగో తరగతికి తీసివేతలు చెబుతుంటే ఐదో తరగతి ఖాళీగా కూర్చునేది. టీవీలో నా గొంతు ఒక తరగతికి పాఠం చెబుతుంటే నేను ఇంకో తరగతి దగ్గర ఉండవచ్చనుకుని రికార్డింగ్ మొదలుపెట్టాను. మొదటి పాఠం 18 నిమిషాలు వచ్చింది. పిల్లలు కదలకుండా చూశారు. ఎంతో సంతోషించాను. వెంటనే అలాంటిదే ఒక లెక్క ఇస్తే పదకొండు మందిలో ఇద్దరే చేయగలిగారు. వాళ్లు నిశ్శబ్దంగా ఉంటే పాఠం వింటున్నారనుకున్నాను. ఆ సాయంత్రం చాలా బాధపడ్డాను.

ఇప్పుడు నా పాఠం ఏదీ నాలుగు నిమిషాలు దాటదు. ఒక పాఠానికి ఒకటే లెక్క. మధ్యలో రెండు మూడు చోట్ల "ఇక్కడ ఆపండి, పలక మీద మీరు వేయండి" అని నా గొంతే చెబుతుంది. ఐదో తరగతి పిల్లవాడొకడు రిమోట్ పట్టుకుని ఆపుతాడు. ఆ సమయంలో నేను వాళ్ల మధ్య తిరుగుతుంటాను. నల్లబల్ల వైపు తిరిగి రాసేటప్పుడు పిల్లల చేతులు నాకు కనిపించేవి కావు. రాసే పని టీవీకి అప్పగించాక, ఎవరి పలక ఏ అంకె దగ్గర ఆగిపోయిందో చూడగలుగుతున్నాను. నన్ను పిల్లల దగ్గరికి చేర్చినందుకే నాకు ఈ పద్ధతి మీద ఇంత ఇష్టం.

అన్నిటికంటే ఎక్కువ మేలు జరిగింది పిల్లల చేత రికార్డు చేయించినప్పుడు. నాలుగో తరగతిలో ఒక పాప ఉండేది. నోరు విప్పి సమాధానం చెప్పేది కాదు. 503 నుంచి 278 తీసివేయమంటే ఎప్పుడూ 275 వేసేది. నేను తప్పు గుర్తు పెట్టి, పక్కన 225 అని రాసి ఇచ్చేవాణ్ని. ఒకరోజు వరండాలో కూర్చోబెట్టి ఫోను చేతికిచ్చాను. ఆ లెక్క చేస్తూ ఏం చేస్తున్నావో నీకు నువ్వే చెప్పుకో అని దూరంగా వెళ్లాను. తర్వాత విన్నాను. "మూడులోంచి ఎనిమిది పోదు. పక్కన సున్నా ఉంది, దాని దగ్గర ఏమీ లేదు. అందుకే దాన్ని దాటి ఐదు దగ్గర ఒకటి తెచ్చాను" అంటోంది. ఐదు నాలుగైంది, మూడు పదమూడైంది, సున్నా సున్నాగానే ఉండిపోయింది. సున్నాలోంచి ఏడు పోదు కాబట్టి ఏడే వేసేసింది. అన్ని నెలలుగా నోటుపుస్తకంలో నాకు కనిపించనిది ఒక్క నిమిషంలో వినిపించింది.

మర్నాడు పుల్లల కట్టలు తెచ్చాను. వందల కట్ట ఒకటి విప్పితే పది పదుల కట్టలు వచ్చాయి. అందులో ఒకటి ఒకట్ల దగ్గరికి వెళితే, సున్నా ఉన్న చోట తొమ్మిది మిగిలాయి. ఆ పాపే తన చేత్తో విప్పింది. అదే కట్టల బొమ్మలతో పాఠం రికార్డు చేసి అందరికీ చూపించాను. పుల్లలు ముందు, తెర తర్వాత. ఈ వరుస మార్చవద్దని గట్టిగా చెబుతాను.

ఇక పరికరాల సంగతి. ఆండ్రాయిడ్ 11 నుంచి ఫోనులోనే స్క్రీన్ రికార్డర్ ఉంటుంది. మైక్రోఫోన్ శబ్దం ఎంచుకోవడం మరవకండి. ఫోను అడ్డంగా తిప్పి రికార్డు చేయండి, లేకపోతే టీవీలో సన్నటి పట్టీలా కనిపిస్తుంది. కాల్స్ రాకుండా చూసుకోండి. ఫ్యాన్ ఆపండి. అంకెలు పెద్దవిగా రాసి, చివరి వరసలో కూర్చుని ఒకసారి చూడండి. మా బడిలో ఇంటర్నెట్ నిలకడగా ఉండదు కాబట్టి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళతాను. కంప్యూటర్ ఉంటే, తెరను రికార్డు చేసే ఓబీఎస్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. పాఠ్యపుస్తకాల క్యూఆర్ కోడ్‌తో ప్రభుత్వ పాఠాల యాప్ అయిన దీక్షాలో దొరికే పాఠాలనూ చూపిస్తాను. కానీ తెలిసిన గొంతు తమ ఊరి చెరువు పేరుతో లెక్క చెబితే పిల్లల ముఖాలు వెలిగిపోతాయి.

ఇంట్లో చూసి రమ్మని మాత్రం చెప్పకండి. ఇంట్లో వీడియో చూసి బడిలో లెక్కలు చేసే పద్ధతికి ప్రచారం తెచ్చిన జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ 2007లో అమెరికాలోని కొలరాడోలో ఉన్నత పాఠశాల పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పేవారు. మా పిల్లల ఇళ్లలో ఉన్న ఒక్క ఫోను తెల్లవారకముందే నాన్నతో పనికి వెళ్లిపోతుంది. ఒకటి, రెండు తరగతులకు కూడా నేను తెర వాడను. అక్షరం దిద్దేటప్పుడు వాళ్ల చేతి మీద మన చెయ్యే ఉండాలి.

పిల్లల గొంతు రికార్డు చేసే ముందు తల్లిదండ్రులతో ఒక మాట చెప్పండి. ముఖాలు తీయకండి, గొంతు, రాత చాలు. ముందుగా మీ పిల్లల నోటుపుస్తకాలు దగ్గర పెట్టుకుని, ఎక్కువమంది ఒకేలా తప్పు చేసిన లెక్క ఏదో వెతకండి. మొదటి పాఠం దాని మీదే చేయండి.