మధ్యబిందువు ఎక్కడికి పోయింది?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. త్రిభుజం ఏబీసీలో ఏబీ = ఏసీ, బీసీ మధ్యబిందువు డీ. ఏబీడీ, ఏసీడీ త్రిభుజాలు సర్వసమానాలని (ఒకదానిపై ఒకటి సరిగ్గా సరిపోతాయని) చూపమన్నారు. ఏబీ = ఏసీ, కోణం బీ = కోణం సీ, ఏడీ ఉమ్మడి భుజం, కాబట్టి భు.కో.భు. (భుజం-కోణం-భుజం) నియమం అని రాసింది. 4 మార్కులకు 1 వేశారు. మూడూ నిజమే కదండీ?
– ఒక తల్లి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మూడూ నిజమేనమ్మా. కానీ డీ మధ్యబిందువని చెప్పిన మాటను పాప ఎక్కడ వాడింది? ఎక్కడా లేదు. ఏబీ, ఏసీ 5 సెం.మీ., బీసీ 6 సెం.మీ. తీసుకుని, బీ నుంచి 1 సెం.మీ. దూరంలో డీ పెట్టమనండి. అప్పుడూ ఆ మూడు వాక్యాలూ నిజమే. కానీ బీడీ 1, డీసీ 5. సర్వసమానం ఎలా అవుతాయి?

భు.కో.భు.లో కోణం ఆ రెండు భుజాల మధ్యే ఉండాలి. ఏబీ, ఏడీల మధ్య ఉన్నది ఏ దగ్గరి కోణం. పాప రాసింది బీ దగ్గరిది. అది భు.భు.కో. అయింది, అలాంటి నియమం లేదు. ఎందుకు లేదో వృత్తలేఖినితో తేలిపోతుంది. కొత్త బొమ్మలో ఏ దగ్గర 30 డిగ్రీల కోణం గీసి, ఒక భుజం మీద ఏబీ = 8 సెం.మీ. కొలవండి. బీ కేంద్రంగా 5 సెం.మీ. వ్యాసార్ధంతో చాపం గీస్తే రెండో భుజాన్ని రెండు చోట్ల ఖండిస్తుంది: ఏ నుంచి సుమారు 3.9 సెం.మీ. దగ్గర, మళ్లీ 9.9 దగ్గర. కొలతలు అవే, త్రిభుజాలు రెండు. వ్యాసార్ధం సరిగ్గా 4 అయితే చాపం ఒక్కచోటే తాకుతుంది, అక్కడ లంబకోణం వస్తుంది. లంబకోణ త్రిభుజాలకు మాత్రం లం.క.భు. (లంబకోణం-కర్ణం-భుజం) నియమం చెల్లడం ఇందుకే.

ఇక సరైన జవాబు: ఏబీ = ఏసీ, బీడీ = డీసీ, ఏడీ ఉమ్మడి; భు.భు.భు. ఏబీ, కోణం బీ, బీడీలతో భు.కో.భు. కూడా చెల్లుతుంది. నాకైతే మొదటిదే నచ్చుతుంది. కోణం బీ = కోణం సీ అని నిరూపించమన్నప్పుడు దాన్నే ముందుగా వాడేసుకునే పొరపాటు దానిలో రాదు.

పేర్ల వరుస కూడా చూడండి. ఏబీడీ ≅ ఏసీడీ (≅ అంటే సర్వసమానం) అనాలి: ఏకి ఏ, బీకి సీ, డీకి డీ. ఏబీడీ ≅ సీఏడీ అని రాస్తే బీడీ = ఏడీ అని చెప్పినట్టే.

ప్రశ్న: త్రిభుజాలు సర్వసమానాలని చూపడానికి కో.కో.భు. (కోణం-కోణం-భుజం) వాడొచ్చా?
– ఒక విద్యార్థి, భీమిలి

జవాబు: వాడొచ్చు. రెండు కోణాలు సమానమైతే మూడోదీ సమానమే, మొత్తం 180 కదా. కానీ భుజం అనురూప భుజమే, అంటే రెండింటిలోనూ సమాన కోణానికి ఎదురుగా ఉన్నదే కావాలి. 30, 60, 90 డిగ్రీల త్రిభుజాలు రెండింటిలో 5 సెం.మీ. భుజం ఒకదానిలో 30కి ఎదురుగా, ఇంకోదానిలో 60కి ఎదురుగా ఉంటే అవి సరూపాలే (ఆకారం ఒకటే, పరిమాణం వేరు), సర్వసమానాలు కావు.