హెచ్‌ఎస్‌ఏ, ఎఫ్‌ఎస్‌ఏ డబ్బుతో మసాజర్, విటమిన్లు, యోగా క్లాసు: ఏవి చెల్లుతాయి?

ఎఫ్‌ఎస్‌ఏలో (వైద్య ఖర్చుల కోసం జీతంలోంచి పన్ను లేకుండా పక్కన పెట్టుకునే, ఉద్యోగమిచ్చిన కంపెనీ ద్వారా వచ్చే ఖాతా) మిగిలిన డబ్బు డిసెంబరులోగా ఖర్చు పెట్టాలి, దాంతో మసాజర్, మల్టీవిటమిన్లు, యోగా మెంబర్‌షిప్, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి బీపీ మెషిన్ కొనొచ్చా అని ఒకరు అడిగారు. ఆన్‌లైన్‌లో ఫారం నింపితే, ఈ ఖర్చు వైద్యం కోసమే అని డాక్టర్ లెటర్ ఇచ్చే సైట్ల సంగతీ అడిగారు. అమెరికాలో ఈ ఖాతానీ, హెచ్‌ఎస్‌ఏనీ (వైద్య ఖర్చుల కోసం మన పేరు మీదే ఉండే, పన్ను మినహాయింపున్న పొదుపు ఖాతా) చాలా ఏళ్లుగా వాడుతున్నాను కాబట్టి నాకు తెలిసింది చెప్తానండీ.

ముందుగా ఒక మాట. ఈ ఖాతా కార్డు గీకగానే పేమెంట్ వెళ్లిపోయిందంటే ఆ ఖర్చు చెల్లినట్టు కాదు. ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) చూసేది ఒక్కటే: ఇది ఒక జబ్బుని నయం చేయడానికో, తగ్గించడానికో, రాకుండా ఆపడానికో కొన్నదా, లేక మామూలుగా ఆరోగ్యంగా ఉండటానికి కొన్నదా? రెండోది అయితే చెల్లదు. అందుకే మల్టీవిటమిన్లు, ప్రొటీన్ పౌడర్, టూత్‌పేస్ట్ కుదరవు. మన అశ్వగంధ, చ్యవనప్రాశ కూడా ఇదే లెక్కలోకి వస్తాయి. డాక్టర్ గుర్తించిన ఫలానా జబ్బుకి చికిత్సగా రాసిస్తే తప్ప సప్లిమెంట్లు ఒప్పుకోరు. యోగా, జిమ్ విషయంలో ఇంకా గట్టిగా ఉంటారు. "వ్యాయామం చేయండి, మంచిది" అని డాక్టర్ చెప్పినా అది సరిపోదు. స్థూలకాయం, బీపీ, గుండె జబ్బు లాంటిది ఉందని తేలి, కేవలం దాని చికిత్స కోసమే చేరి ఉండాలి.

ఇక లెటర్ ఇచ్చే సైట్లు. 2024 మార్చిలో ఐఆర్‌ఎస్ సరిగ్గా దీని గురించే హెచ్చరిక ఇచ్చింది. మామూలు తిండి, వెల్‌నెస్ ఖర్చుల్ని వైద్యం ఖర్చులుగా చూపించొచ్చని కొన్ని కంపెనీలు చెప్తున్నాయని, మనం స్వయంగా చెప్పుకున్న వివరాల మీద రాసిన నోట్ వల్ల తిండి ఖర్చు వైద్యం అయిపోదని తేల్చి చెప్పింది. మీకు నిజంగా జబ్బు ఉంటే మిమ్మల్ని చూసే డాక్టరే రాసిస్తారు. లేకపోతే ఆ లెటర్‌తో పనిలేదు.

నా సంగతి చెప్తాను. నాకు నడుం దగ్గర డిస్క్ సమస్య ఉందని ఎమ్మారైలో తేలాక, డాక్టర్ మసాజ్ థెరపీ చేయించుకోమన్నారు. ఎఫ్‌ఎస్‌ఏ చూసే కంపెనీ మొదటి క్లెయిమ్ వెనక్కి పంపింది. లెటర్‌లో "నడుం నొప్పికి మేలు చేస్తుంది" అని మాత్రమే ఉంది. మళ్లీ వెళ్లి జబ్బు పేరు, ఏ చికిత్స, ఎన్ని నెలలు అనే మూడూ రాయించుకుని పంపాను, డబ్బులొచ్చాయి. మీరు మసాజర్ కొనాలన్నా ఇదే దారి. లెటర్ మీద తేదీ కొన్న తేదీకి ముందుండేలా చూసుకోండి.

ఎఫ్‌ఎస్‌ఏలో తప్పు ఖర్చుని పట్టుకోవడానికి ఒక కంపెనీ ఉంటుంది. హెచ్‌ఎస్‌ఏలో ఆ అడ్డు లేదు, బాధ్యత అంతా మనదే. ఏ ఖర్చు చెల్లదో చూసుకోకుండా హెచ్‌ఎస్‌ఏ నుంచి 400 డాలర్ల చెల్లని వస్తువు కొన్నారనుకోండి. మీరు 22 శాతం పన్ను శ్లాబులో ఉంటే 88 డాలర్లు ఆదాయపు పన్ను, పైగా ఆ 400 మీద 20 శాతం పెనాల్టీ కింద 80, మొత్తం 168 డాలర్లు కట్టాలి. 65 ఏళ్లు దాటాక పెనాల్టీ ఉండదు, పన్ను మాత్రం ఉంటుంది. అందుకే హెచ్‌ఎస్‌ఏ రసీదులన్నీ ఫోటో తీసి దాచుకుంటాను.

అమ్మానాన్నల బీపీ మెషిన్ గురించి చాలామంది మనవాళ్లకి తెలియదు, అందుకే కాస్త వివరంగా చెప్తాను. బీపీ మెషిన్ చెల్లే వస్తువే, లెటర్ కూడా అక్కర్లేదు. కానీ అది ఎవరి కోసం అన్నదే అసలు విషయం. ఈ డబ్బు మీకు, మీ భార్య లేదా భర్తకి, పిల్లలకి (హెచ్‌ఎస్‌ఏలో అయితే పన్ను లెక్కల్లో మీ మీద ఆధారపడిన పిల్లలకే), పన్ను లెక్కల్లో మీ మీద ఆధారపడినవాళ్లకి మాత్రమే. విజిటర్ వీసా మీద కొన్ని నెలలు ఉండి వెళ్లే తల్లిదండ్రులు మామూలుగా ఆ లెక్కలోకి రారు. వాళ్లని మనమే చూసుకుంటున్నాం కదా అనిపిస్తుంది, నిజమే, కానీ చట్టం అలా చూడదు. వాళ్ల మెషిన్, వాళ్ల మందులు సొంత డబ్బుతోనే కొనండి.

మిగిలిన డబ్బు గురించి టెన్షన్ పడకండి. 2020 నుంచి జ్వరం, నొప్పి, అలర్జీ మాత్రలకి ప్రిస్క్రిప్షన్ అక్కర్లేదు, శానిటరీ ప్యాడ్లూ చెల్లుతాయి. ఎస్‌పీఎఫ్ 15, ఆపైన ఉన్న బ్రాడ్ స్పెక్ట్రం సన్‌స్క్రీన్, థర్మామీటర్, కళ్లద్దాలు, కాంటాక్ట్ లెన్స్ ద్రావణం, పళ్ల డాక్టర్ దగ్గర పెండింగ్ పెట్టిన ఫిల్లింగ్, ఇవన్నీ నేరుగా కుదురుతాయి. నేనైతే డిసెంబరులో ముందు పళ్ల పని పూర్తి చేయించుకుంటాను. అది వాయిదా వేసేకొద్దీ ఖర్చు పెరుగుతుంది.

అన్నిటికంటే ముందు హెచ్‌ఆర్‌ని ఒక్క ప్రశ్న అడగండి: మన ప్లాన్‌లో మిగిలింది వచ్చే ఏడాదికి తీసుకెళ్లొచ్చా, లేక రెండున్నర నెలల అదనపు గడువు ఉందా? కంపెనీలు రెండూ కలిపి ఇవ్వవు, కొన్ని ఏదీ ఇవ్వవు. 2025 ఖాతాల నుంచి ముందుకు తీసుకెళ్లగలిగేది గరిష్ఠంగా 660 డాలర్లు. మీ దగ్గర మిగిలింది అంతకు లోపే ఉండి, మీ ప్లాన్ ఒప్పుకుంటే, ఇప్పుడు హడావిడిగా ఏదీ కొనక్కర్లేదు.